సెకనుకు ఐదు ఊపులు

నాకు కాళ్ళు ఊపే అలవాటు ఉంది. కుర్చీలో కూర్చుంటే చాలు, కుడికాలు దాని పని అది చూసుకుంటుంది. ఊగుతున్నట్టు నాకు తెలియను కూడా తెలియదు. ఈ దిక్కుమాలిన అలవాటు వల్ల కెనడాలో, వాటర్లూ యూనివర్సిటీలో నా థీసిస్ మునిగిపోబోయింది. ఎలాగో చెప్పాలంటే ముందు హార్డ్ డిస్క్ గురించి చెప్పాలి.

హార్డ్ డిస్క్ అంటే నాకు ఒక ఇనుప డబ్బా, అంతే. ల్యాబ్‌లో చేరిన మొదటిరోజు మా ప్రొఫెసరు మూత తీసి గాజుపలక బిగించిన డిస్క్ ఒకటి నా ముందు పెట్టారు. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం. దాని మీదికి చాచిన సన్నటి చెయ్యి. చెయ్యి చివర, కంటికి ఆనీ ఆనని చిన్న ముక్క. ఆ ముక్కనే హెడ్ అంటారు, రాసేదీ చదివేదీ అదే. పళ్ళెం సెకనుకు నూట ఇరవైసార్లు తిరుగుతుంటే, ఆ వేగానికి పుట్టిన గాలి మీద హెడ్ తేలుతుంది. పళ్ళేనికి తగలదు, అలాగని దూరంగానూ పోదు. పళ్ళెం మీద సమాచారమంతా గుండ్రటి గీతల్లో ఉంటుంది. మన తలవెంట్రుక ఒకటి వాటికి అడ్డంగా పెడితే దాని కింద అలాంటి గీతలు వెయ్యికి పైగా పడతాయట. హెడ్ వాటిలో ఒకే ఒక్క గీత మీద ఉండాలి.

"అంత సన్నటి గీత మీద ఎలా నిలబడుతుంది?" అని అడిగాను.

"నిలబడదు," అన్నారాయన. "తప్పుతూనే ఉంటుంది. తప్పానని తెలుసుకుని సర్దుకుంటూ ఉంటుంది. సెకనుకు కొన్ని వేలసార్లు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఒళ్ళో పెట్టుకుని తిరిగిన ల్యాప్‌టాప్‌లో ఇంత జరుగుతోందా? బస్సులో, రైల్లో, మంచం మీదికి విసిరేసినప్పుడు కూడా, ఆ చిన్న ముక్క నోరు మెదపకుండా తన గీత వెతుక్కుంటూ ఉందన్నమాట. ఆ సాయంత్రం ఇంటికి పోయి నా పాత ల్యాప్‌టాప్‌ని బల్ల మీద మెల్లిగా పెట్టాను. నా రూమ్మేట్, వరంగల్ అమ్మాయి, "ఏమైందే, దానికి జ్వరమొచ్చిందా?" అంది.

నా థీసిస్ పని ఆ చెయ్యికి ప్రోగ్రామ్ రాయడం. పళ్ళెం మీద అక్కడక్కడా గుర్తులు పొదిగి ఉంటాయి. హెడ్ వాటి మీదుగా పోయిన ప్రతిసారీ ఎటు తప్పిందో, ఎంత తప్పిందో తెలుస్తుంది. ఎంత నెట్టాలో మోటారుకు చెప్పేది ప్రోగ్రామ్. గట్టిగా నెడితే చెయ్యి, కింద పడ్డ స్టీలు గరిటెలాగా మోగుతుంది. మెల్లిగా నెడితే వెనకబడిపోతుంది. ఆ మోత రాకుండా నెట్టడం నేర్చుకోవడానికే నాకు రెండు టర్ములు పట్టింది. బయటి నుంచి ఒక లేజర్ కిరణం హెడ్ కదలికను కొలుస్తూ ఉంటే, హెడ్ తప్పే తప్పంతా తెర మీద పచ్చగీతగా కనిపించేది. పచ్చగీత తిన్నగా ఉంటే గెలిచినట్టు.

అది తిన్నగా ఉండేది కాదు. హెడ్ వేగంతో పోలిస్తే నిదానంగా, పైకీ కిందికీ ఊగేది, సెకనుకు ఐదుసార్లు. నా ప్రోగ్రామ్ అంతా చెయ్యి మోగకుండా చూసుకోవడం మీదే ఉండేది కాబట్టి ఇలాంటి నిదానపు ఊపులకు అది మెతక. ఊపు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెడితే తప్ప ఏమీ చేయలేను. అన్నిటికంటే వింత ఏమిటంటే, ప్రొఫెసరు వచ్చి కూర్చుని కొలిస్తే గీత బుద్ధిగా ఉండేది. ఆయన లేచి పోయి నేను కూర్చుంటే మళ్ళీ ఊగేది.

ఆయన మర్యాదస్తుడు. నీకు కొలవడం రాదు అనలేదు. "ఈ టర్మ్ ఆఖర్లో ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చి చూస్తారు. అప్పటికి గీత నిలవకపోతే థీసిస్ వదిలేసి కోర్సులతో డిగ్రీ ముగించు. అందులో తప్పేం లేదు," అన్నారు.

తప్పేం లేదా? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను వచ్చిందే ఆ చెయ్యి కోసం. మేం వచ్చిన ఏళ్ళలో ఊరంతా స్టూడెంట్లే. బస్సులు నిండిపోయి స్టాపుల్లో ఆగకుండా వెళ్ళిపోయేవి. మేముండే ఆంటీగారింట్లో ఆరుగురు ఆడపిల్లలం, బాత్రూమ్ తలుపుకు టైమ్‌టేబుల్. అంతమందిలో ఎవరైనా "నువ్వేం చదువుతున్నావ్?" అంటే, హెడ్ గురించి అరగంట చెప్పేదాన్ని. అడిగిన పాపానికి వినేవాళ్ళు. ఆ ఒక్కటీ పోతే ఇక్కడ నాకంటూ ఇంకేమీ లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దొరికినవాటి మీదల్లా నేరం మోపాను. మొదట ట్రైన్ అనుకున్నాను. ల్యాబ్‌కు దగ్గరలోనే లైట్ రైల్ పోతుంది. ఒక వారమంతా అది వచ్చిన టైములన్నీ రాసుకున్నాను. ట్రైన్ లేనప్పుడూ గీత ఊగింది. తర్వాత ఏసీ. తర్వాత పక్క ల్యాబ్‌లో పంపు. ఆ ల్యాబ్ కుర్రవాడితో గొడవ పెట్టుకుని దాన్ని ఆపించాను కూడా. పాపం, అతను ఏమీ అనకుండా ఆపాడు. గీత ఊగింది.

ఆదివారం ఆంటీగారు అందరికీ భోజనం పెట్టేవారు. ఆవిడది భీమవరం వైపు. ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో పని. చర్చి నుంచి రాగానే వండేవారు, తినేముందు ప్రార్థన చేయకుండా ఎవరినీ కంచం ముట్టనిచ్చేవారు కాదు. ఆ ఆదివారం కూడా కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. చదువుకునే బిడ్డల కోసం, ఉద్యోగాలు దొరకని బిడ్డల కోసం, వర్క్ పర్మిట్ల గడువు అయిపోతున్న బిడ్డల కోసం. మధ్యలో ఆగి, కళ్ళు తెరవకుండానే అన్నారు.

"కాళ్ళు ఊపకమ్మా. దరిద్రం."

అందరూ నా వైపు చూశారు. నేను కిందికి చూశాను. బల్ల కాలికి ఆనించిన నా మోకాలు ఊగుతోంది.

వరంగల్ అమ్మాయి ఊరుకుంటుందా. "ఆంటీ, మా ఇంట్ల కాళ్ళు ఊపితే లక్ష్మీదేవి పోతదంటరు. మరి మీకు లక్ష్మే లేదు కదా?"

"లక్ష్మి లేకపోతే దరిద్రం కూడా ఉండదేంటే? ప్రార్థన అవ్వనీ ముందు," అన్నారు ఆంటీగారు. ఆమెన్ వరకు అందరూ నవ్వు ఆపుకుంటూ కూర్చున్నారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నా ముందు మజ్జిగ గ్లాసు ఉంది. అందులో మజ్జిగ వణుకుతోంది. ఫోన్‌లో సెకన్లు పెట్టి కాలిని మళ్ళీ దాని ఇష్టానికి వదిలేసి లెక్కపెట్టాను. పది సెకన్లకు యాభై. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పప్పుచారు నోట్లో పెట్టుకున్నాను గానీ రుచి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కు పరుగెత్తాను. ఆ బల్ల కింద అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంది. ఇన్నాళ్ళూ నా కుడిపాదం దాని మీదే. కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పచ్చగీత తిన్నగా ఉంది. పాదం కడ్డీ మీద పెట్టి ఊపాను. గీత ఊగింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ సిగ్గు వెనకాలే ఇంకేదో వచ్చింది. వెంట్రుకలో వెయ్యో వంతు దగ్గర, అంత చిన్న చోట, నా భయం నాకు కనిపిస్తోంది. భయపడితే కాలు ఊగుతుంది, కాలు ఊగితే గీత చెడుతుంది, గీత చెడితే ఇంకా భయం. మూడు నెలలుగా ఆ డిస్క్ నన్ను ఉన్నది ఉన్నట్టు రాసి చూపిస్తూనే ఉంది. నేనే చదవలేదు.

బాసింపట్టుతో కూర్చుని గీత చూపించి ఊరుకోవచ్చు. రెండు రోజులు అలా అనుకున్నాను కూడా. మూడోరోజు ప్రొఫెసరు దగ్గరికి పోయి, "ఆ ఊపు నాది సార్, నా కాలు," అని చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు. బల్ల కిందికి వంగి కడ్డీని చేత్తో తట్టి చూశారు.

"డేటా సెంటర్లలో ఈ డిస్కులు పెట్టే బీరువాల్లో ఒక్కోదాంట్లో వందలు ఉంటాయి. ఫ్యాన్లు తిరుగుతాయి, ఒక డిస్క్ పక్కదాన్ని ఊపుతుంది. వాటికి కదలకుండా కూర్చోమని ఎవరూ చెప్పలేరు. నువ్వెందుకు కదలకుండా కూర్చోవాలి?" అన్నారు.

బల్లకు ఒక చిన్న సెన్సర్ అంటించాం. బల్ల ఊగగానే అది ప్రోగ్రామ్‌కు ముందే కబురు చెబుతుంది, హెడ్ తప్పేదాకా ఆగనక్కర్లేదు. వినడానికి తేలికే. నా ప్రోగ్రామ్ ఆ కబురు నమ్మాలా వద్దా, ఎంత నమ్మాలి అన్నది తేల్చుకునేసరికి టర్మ్ ఆఖరికి వచ్చింది.

చూడటానికి ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. తెర మీద రెండు గీతలు పెట్టాను. ఎర్రది బల్ల ఊపు, పచ్చది హెడ్ తప్పు. కుర్చీలో కూర్చుని పాదం కడ్డీ మీద పెట్టాను. ఊపబోతే కాలు కదల్లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరు వద్దన్నా ఆగని కాలు, ఇవాళ ఊగమంటే రాయిలా ఉండిపోయింది. బలవంతంగా ఊపితే ఏదో తకతకలాడి ఆగిపోయింది. ఎర్రగీత కాస్త వణికి పడుకుంది. మా ప్రొఫెసరు నేల చూపులు చూస్తున్నారు.

వచ్చినవాళ్ళలో పెద్దావిడ కళ్ళజోడు తీశారు. "సరే. ఇది పని చేయదనుకుందాం. అప్పుడు నువ్వేం చేస్తావు?" అని నెమ్మదిగా అడిగారు.

ఏం చేస్తాను? నిజంగా ఏం చేస్తాను? ఆవిడ నా మొహం వంక చూడటం మానేసి తెర వంక చూస్తున్నారు. నేనూ చూశాను. ఎర్రగీత లేచి, తెర పైఅంచు నుంచి కిందిఅంచు దాకా ఊగుతోంది, సెకనుకు ఐదుసార్లు. కింద నా కాలు ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. అంత భయం నాకు అంతకు ముందెప్పుడూ వేయలేదు.

పచ్చగీత కదల్లేదు.