పేరెత్తని జబ్బు

మా వీధి చివర లాండ్రీలో లాడ్జీల దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడని అందరూ ఇస్త్రీ పిన్ని అంటారు. నిజంగా పిన్ని అని పిలిచే హక్కు ఒక్క పిల్లకే ఉంది, చనిపోయిన అక్క కూతురికి. పిన్ని చేతిలో పడితే ఏ ముడతా బతికి బట్టకట్టదు. నోరు ఇస్త్రీపెట్టెకన్నా వేడి. తెల్ల దుప్పటి బల్లమీద పరిచినప్పుడు మాత్రం ఆ నోరు మూతపడుతుంది. దాని కింద అక్క పడుకుని ఉన్నట్టే ఉంటుందని ఒకసారి నాతో అంది. అరచేత్తో తడిమి చూసుకుంటేగానీ ఇస్త్రీపెట్టె ఆనించదు.

అక్కకి వచ్చింది గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. పిల్లకి రేపు సంబంధాలు రావని అమ్మమ్మ అందరి నోళ్ళూ కట్టేసింది. ఆరేళ్ళ పిల్లకి "కడుపునొప్పి" అని చెప్పి, అక్క పడుకున్న వెనక గదికి తెర కట్టేశారు. ఇలాంటి పరువు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడా పిల్ల తొమ్మిదో తరగతి. ఆ క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకి బడిలో టీకా వేస్తామన్నారు. అమ్మమ్మ ససేమిరా అంది.

"పెళ్ళికాని పిల్లకి ఆ సూదేంటే? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ అమ్మా. ఆ నలుగురూ వచ్చి అక్కని కాపాడారా?" అంది పిన్ని.

ముసలావిడ దిగొచ్చింది. దిగిరానిది పిల్ల. టీకా రోజున బడి బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంది. కబురందుకుని పిన్ని పరుగెత్తింది. తలుపు బయట నిలబడి తిట్టింది, బతిమాలింది.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే. రావే తల్లీ."

"అమ్మకీ అలాగే చెప్పారు." లోపలినుంచి పిల్ల గొంతు. "నర్సు వచ్చి సూది వేసింది. తెల్లారి అమ్మ లేవలేదు. నర్సుకి తలుపు తీసింది నేనే పిన్నీ. నేను తీయకపోతే అమ్మ ఉండేది."

అక్క తనొక్కదాన్నే వెంటాడుతోందని పిన్ని ఇన్నేళ్ళూ అనుకుంది. తడి నేలమీదే కూలబడి, టీకాకి వరుసలో నిలబడ్డ పిల్లలంతా వింటుండగా, ఆ మాట మొదటిసారి పైకి అంది.

"మీ అమ్మకి క్యాన్సర్ వచ్చిందమ్మా. ఆ సూది నొప్పి తెలియకుండా వేశారు. అమ్మని తీసుకెళ్ళింది జబ్బే. సూదీ కాదు, నువ్వూ కాదు. నీకు చెప్పాల్సింది. మేం చెప్పలేదు."

"మరి ఈ సూది?"

"ఆ జబ్బు నీ దగ్గరికి రాకుండా."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, పిల్ల నర్సుని అడిగింది.

"రేపు పొద్దున నేను లేస్తాను కదండీ?"

నర్సు అది వేళాకోళం అనుకుని నవ్వేసింది. పిల్ల నవ్వలేదు. జవాబు కోసం పిన్ని మొహంలోకి చూసింది.

"లేస్తావు," అంది పిన్ని. "నేను లేపుతాను."