ప్యానెళ్ల మీద తడి చున్నీలు

2022 వేసవి. పావగడ సోలార్ పార్కులో, వల్లూరు వైపు ఉన్న ఒక ప్లాంటులో నేను మెయింటెనెన్స్ టెక్నీషియన్‌ని. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని కరెంటు ఉత్పత్తి చూడడం, ఎక్కడ తేడా వస్తే అక్కడికి పోయి సరిచేయడం నా పని.

కొన్ని ప్యానెళ్లను వరుసగా కలిపితే దాన్ని స్ట్రింగ్ అంటాం. రెండు మూడు ప్యానెళ్ల మీద నీడ పడినా ఆ స్ట్రింగ్ ఉత్పత్తి తగ్గినట్టు తెర మీద తెలుస్తుంది. మబ్బు వస్తే చుట్టుపక్కల స్ట్రింగులన్నీ కలిసి పడతాయి. దుమ్మయితే రోజుల తరబడి మెల్లగా తగ్గుతుంది. వైరు తెగితే ఒక్కసారిగా సున్నా. ఆ మధ్యాహ్నం తెర మీద ఒకే ఒక్క స్ట్రింగ్ గీత పడింది, లేచింది, మళ్లీ పడింది. ఆకాశంలో మబ్బు లేదు. నాకు తెలిసిన ఏ కారణమూ దానికి సరిపోలేదు.

“గొర్రె ఎక్కిందేమోలే సార్” అన్నాడు జీపు డ్రైవర్ ఓబులేసు.

“ఎక్కిన గొర్రె దిగి, మళ్లీ ఎక్కుతాదా?”

“ఎండకు దానికీ మతి పోయుంటాది.”

పోయి చూస్తే, మూడు ప్యానెళ్ల మీద మూడు తడి చున్నీలు పరిచి ఉన్నాయి. స్కూలు యూనిఫారం చున్నీలు. అక్కడ నలుగురు స్కూలు అమ్మాయిలు. వాళ్లలో ఒకమ్మాయి, ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్యాంకు దగ్గర నాలుగోది తడుపుతోంది. నాకు కోపం కంటే ముందు భయం వేసింది. ఆ వైర్లలో వందల వోల్టుల కరెంటు ఉంటుంది. ఎక్కడైనా అద్దం పగిలి ఉంటే, తడి చేయి పెట్టిన మనిషి బతకడం కష్టం.

“తీయండి అవి! చస్తారు!” అని అరిచాను.

“అరవాకండి సార్. ముందు ఆయప్పను చూడండి” అంది వాళ్లలో పెద్దమ్మాయి. పేరు భావన, తొమ్మిదో తరగతి అని తర్వాత తెలిసింది.

ప్యానెళ్ల కింద ఒక మనిషి పడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. నెత్తి మీద తడి టవలు. ఒళ్లు పెనంలా కాలుతోంది, ఒక్క చెమట చుక్క లేదు. పిలిస్తే పలకలేదు.

“ఎవరు ఈయన?”

“మాకేం తెలుసు సార్? దోవలో పడుండాడు. కంచె సందులోంచి ఈడికి ఈడ్చుకొచ్చినాము.”

“చెట్టు కిందికి తీసుకుపోవల్ల గదా.”

“చెట్టు యాడుండాది సార్? మీరే చూపించండి.”

చుట్టూ చూశాను. కనుచూపు మేర ప్యానెళ్లే.

ప్యానెల్ అడుగు నుంచి సెగ దిగుతోందట. అందుకని పైన తడిగుడ్డ పరిచి, ఆరగానే తీసి మళ్లీ తడుపుతున్నారు. తెర మీద గీత పడి లేవడం అదే.

అందరం కలిసి అతన్ని జీపులోకి ఎక్కించాం. పావగడ ఆసుపత్రి చేరేదాకా అమ్మాయిలు ఆ చున్నీలతోనే అతని ఒళ్లు తుడుస్తూ కూర్చున్నారు. ఓబులేసు ఆ దారిలో అంత వేగంగా పోవడం నేనెప్పుడూ చూడలేదు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. “బతుకుతాడు. దోవలోనే ఉండుంటే మాత్రం పోయేవాడు. మందు కూడా బాగా తాగినాడు” అన్నాడు.

నేను అమ్మాయిల వైపు తిరిగాను. “తాగినాడని మీకు తెలుసా?”

“వాసన రాలేదా మాకు? ముక్కుల్లేవా?” అంది అందరిలోకీ చిన్నది.

“మరి?”

భావనకు నా ప్రశ్న అర్థం కాలేదు. “తాగినోనికి ఎండ తగలదా సార్?” అని అడిగింది.

అంతకు ముందు ఏడాది మా తమ్ముడు ఒక బస్టాండులో షుగరు పడిపోయి కూలబడ్డాడు. జనం పక్కనుంచే నడిచి పోయారు. తాగి పడ్డాడనుకున్నామని తర్వాత చెప్పారు. ఎవరో ఒకరు దగ్గరికి వెళ్లేసరికి ప్రాణం లేదు. అప్పటి నుంచి పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పింది ఒకే మాట: మావాడు జన్మలో మందు ముట్టలేదు. వాడికి జరిగిన అన్యాయం అంతా ఆ మాటలోనే ఉందనుకున్నాను. అంటే, తాగి ఉంటే వదిలేసి పోవచ్చని నేనూ ఒప్పుకున్నట్టేనా? ఆ అమ్మాయి అడిగేదాకా నాకీ సంగతి తట్టలేదు.

మర్నాడు వెళ్లి చూస్తే మంచం ఖాళీ. తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడన్నారు. ఊరూ పేరూ తెలియలేదు. భావనకు చెబితే, “నడిచే పోయినాడా? ఐతే బాగైనట్టే” అని స్కూలుకు పరిగెత్తింది.

ప్యానెళ్ల మీద తడి చేతులు పెట్టకూడదని ఆ పిల్లలకు నేను నేర్పాను. వాళ్ల నుంచి నేనేం నేర్చుకున్నానో సరిగ్గా చెప్పలేను. తమ్ముడి గురించి ఎవరైనా అడిగితే, వాడు తాగలేదని చెప్పడం మాత్రం మానేశాను. పడిపోయాడు, ఎవరూ రాలేదు అంటాను. అక్కడితో ఆగిపోతాను.