దండుగ వేయడమైనది

కోర్టులో అనువాదకుడిగా ముప్పై ఏళ్లు నలిగిన ఆయనను గుమాస్తాలంతా ‘నిఘంటువు గారు’ అనేవారు. వెక్కిరింపే అయినా ఆయనకది బిరుదులా ఒంటబట్టింది. మేజిస్ట్రేటు ఇంగ్లీషులో చెప్పిన తీర్పులను జనం భాషలో రాసివ్వడం ఆయన పని. అందరూ వాడే ‘జరిమానా’ ఆయనకు కంట్లో నలుసు. పాత దస్తావేజుల్లో ‘దండుగ వేయడం’ అని ఉండేది. దండించి పుచ్చుకునేది దండుగ. దాన్ని జనం ‘వృథా’ అన్న అర్థంలో వాడుకుంటే తప్పు జనానిదే అని ఆయన వాదన.

ఒకనాడు రోడ్డుకు అడ్డంగా బండి పెట్టిందని ఇస్త్రీ చేసుకునే ఒకావిడకు శిక్ష పడింది. ‘రెండు వేలు దండుగ వేయడమైనది’ అని ముచ్చటగా రాసి నకలు చేతికిచ్చాడు.

“బాబూ, ఇంతకీ డబ్బు కట్టాలా, అక్కర్లేదా?”

ఆయన అప్పటికే టిఫిను డబ్బా మూత తీశాడు. “చదువొచ్చా?”

“నాకు రాదు. మా చెల్లెలు పదో తరగతి దాకా చదివింది.”

“అయితే చదివించుకో. అచ్చమైన మన మాటలే రాశాను.”

చెల్లెలు కూడబలుక్కుని చదివింది. “దండుగ కింద వేశారంటే వదిలేసినట్టే అక్కా!”

ఇద్దరూ ఆ రోజు కడుపునిండా నవ్వుకున్నారు.

నెల దాటాక పోలీసులు వచ్చి అక్కను పట్టుకెళ్లారు. కోర్టులో ఆవిడ నకలు చూపించింది. “కొట్టేశారనుకున్నానండీ.”

మేజిస్ట్రేటు అనువాదకుణ్ణి పిలిచాడు. “ఈ మాటకు ఇంకో అర్థం తీయొచ్చా?”

తీయొచ్చు అని ఒక్క ముక్క అంటే డబ్బు కట్టించుకుని వదిలేసేవారు. గుమాస్తాలంతా తనవైపే చూస్తున్నారు.

“తీయకూడదండీ. పాత న్యాయపదం. చదివినవాళ్లకి బుర్ర లేకపోతే మాటేం చేస్తుంది?”

హాలంతా గొల్లున నవ్వింది. పది రోజులు జైలు. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని, “నేనే తప్పు చదివానే” అంటుండగానే తీసుకెళ్లిపోయారు.

ఇంటికెళ్లి ఆయన పెద్ద నిఘంటువు తీశాడు. మొదటి అర్థం వృథా. జరిమానా రెండోది, పక్కనే ‘పాత వాడుక’ అని చిన్న అక్షరాల్లో ఉంది. పుస్తకం మూసేశాడు. మర్నాటినుంచి ‘జరిమానా’ అనే రాశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆవిడ తిరిగొచ్చేసరికి బండిని ఎవరో ఎత్తుకుపోయారు. ఇప్పుడు నాలుగిళ్లలో అంట్లు తోముతోంది. ఒకసారి వీధిలో ఒక ముసలాయన ఏదో కాగితం చెల్లెలి ముందు పెట్టి చదివిపెట్టమనడం అనువాదకుడి కంటపడింది.

“నాకు చదువు రాదు తాతా” అంది ఆ పిల్ల.