మామయ్యకు చెప్పిన గ్రూపు

నరసరావుపేటలో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి వస్తున్న రోజుల్లో మా మేనమామకు కామెర్లు వచ్చాయి. వినుకొండ దగ్గర నాలుగెకరాల్లో మిరప వేసేవాడు. కోతల సమయం కావడంతో ఎవరో ఇచ్చిన పసరు తాగుతూ నెల గడిపేశాడు. కళ్లు పచ్చగా మారి, ఒళ్లంతా దురద పుట్టి నిద్రపట్టని స్థితి వచ్చాక అత్తయ్య బలవంతాన నా దగ్గరికి తీసుకొచ్చింది.

నేను చేసిన పరీక్షలు చూసి మా డాక్టరుగారు వెంటనే గుంటూరు పంపించారు. స్కానింగులో క్లోమం మీద గడ్డ కనిపించింది. క్యాన్సర్. ఇంకొన్నాళ్లు ఆగితే ఆపరేషనుకు వీలుండేది కాదన్నారు సర్జన్. రక్తం సిద్ధం చేసుకోవడానికి మామయ్య గ్రూపు నేనే చూశాను. ఏ-పాజిటివ్.

ఆపరేషనుకు దాదాపు పగలంతా పట్టింది. వారం తిరక్కుండానే ఆయన్ను వార్డులోకి మార్చారు. నేను సెలవు పెట్టి గుంటూరులోనే ఉండిపోయాను. పక్క మంచం మీద చిలకలూరిపేట నుంచి వచ్చిన దర్జీ ఉన్నాడు. అదే జబ్బు, అదే ఆపరేషను, అదే డాక్టరు. ఆయన భార్యా మా అత్తయ్యా ఒకే ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకునేంత దగ్గరయ్యారు.

ఒక మధ్యాహ్నం వార్డులో ఎవరో పేపర్లో ఆరోగ్యం పేజీ పైకి చదివారు. ఈ క్యాన్సరుకు ఆపరేషనయ్యాక ‘ఓ’ గ్రూపు రక్తం ఉన్నవాళ్లు మిగతా గ్రూపులవాళ్లకంటే కాస్త ఎక్కువకాలం బతుకుతారట. మామయ్య నా వైపు తల తిప్పాడు.

“అమ్మాయ్, నా గ్రూపేంటి?”

ఆపరేషనయినప్పటి నుంచి ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. “ఓ-పాజిటివ్, మామయ్యా,” అనేశాను. ఉద్యోగంలో చేరాక ఏ రిపోర్టులోనూ ఒక్క అక్షరం మార్చి ఎరగను.

ఆ సాయంత్రం ఒక ఇడ్లీ తిన్నాడు. మర్నాడు గోడ పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. మంచిపనే చేశానని నాకు నేను చెప్పుకున్నాను.

మూడో రోజు మజ్జిగ తీసుకుని వెళ్లేసరికి దర్జీ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన భార్య వరండాలో కళ్లు తుడుచుకుంటోంది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“మీ మామయ్యగారిది ‘ఓ’ గ్రూపంటగా. ఊరికే ఆ మాట చెప్పుకుని సంబరపడతన్నారు. మా ఆయనది ఏ-పాజిటివ్. అది విన్నకాణ్ణించీ ముద్ద ముట్టట్లేదు. తన మిషను ఎవరికివ్వాలో చెప్తాను, తమ్ముణ్ణి పిలిపించమంటన్నాడు.”

లోపలికి వెళ్లి రెండు మంచాల మధ్య నిలబడ్డాను.

“మామయ్యా, నేను అబద్ధం చెప్పాను. నీది కూడా ఏ-పాజిటివే. ఆ పేపర్లో వాళ్లు చెప్పింది ఎంతోమందిని కలిపి చూస్తే కనిపించే చిన్న తేడా. ఒక మనిషిని చూపించి ఈయన ఇంతకాలం ఉంటాడని దాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు.”

మామయ్య కప్పుకున్న దుప్పటి పక్కకు తీశాడు.

“ఉన్నది ఉన్నట్టు చెప్పటమే కదే నీ ఉద్యోగం,” అన్నాడు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

తర్వాత మెల్లగా లేచి కూర్చుని దర్జీ వైపు తిరిగాడు. “ఏం భాయ్, విన్నావుగా? మూణ్ణాళ్ల నుంచి నేను తిని తిరిగింది కూడా నీ గ్రూపు రక్తంతోనే. లే, ఆ చివరిదాకా నడిచొద్దాం.”

“నిజమేనా అమ్మా?” అని దర్జీ నన్ను అడిగాడు.

“నా చేత్తోనే పరీక్ష చేశానండీ.”

ఇద్దరూ పొట్టకు పెట్టిన గొట్టాల సంచులు చేత్తో పట్టుకుని వరండాలోకి నడిచారు.

డిశ్చార్జి రోజుదాకా మామయ్య నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. కారెక్కబోతూ మాత్రం ఆగి, “ఈసారి సరిగ్గా చెప్పు. ఎంతకాలం ఉంటాను?” అన్నాడు.

“తెలియదు మామయ్యా. డాక్టరుగారికీ తెలియదు.”

“సరే. ఈ మాట నమ్ముతా,” అంటూ నా తల మీద చెయ్యి వేశాడు.

పద్నాలుగు నెలలు బతికాడు. మరో పంట వేయించి, కళ్లాల్లో ఎండిన కాయను మంచం మీదికి తెప్పించుకుని చూశాడు. తర్వాత జబ్బు కాలేయానికి పాకింది. దర్జీ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మిషను తొక్కాడు. ఎందుకలా జరిగిందో మాలో ఎవరికీ తెలియదు.

పెద్దకర్మకు దర్జీ భార్యతో కలిసి బస్సులో వచ్చాడు. పందిట్లో నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగాడు. “ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే గ్రూపు. మరి నేనెందుకున్నానమ్మా?”

వడ్డిస్తున్న అత్తయ్య ఆ మాట విని ఆగింది.

“ఉన్నావు కదన్నా, అదే చాలు. ముందు అన్నం తిను,” అని ఆయన విస్తట్లో పప్పు వడ్డించింది. ఆయన తలవంచుకుని తిన్నాడు. అత్తయ్య అక్కడే నిలబడి రెండోసారి కూడా వడ్డించింది.