ఖాజా భాయ్ బండి దానంతట అది ఆగలేదు

నిన్న పొద్దున వనపర్తిలో బస్సు ఎక్కబోతుంటే ఖాజా భాయ్ కూతురు షబానా ఫోన్.

"చాచా, అబ్బా పోయిండు."

అంతే. బస్సు వెళ్లిపోయింది. నేను గద్వాల బస్సు కోసం నిలబడ్డాను.

గద్వాల చేరేసరికి మట్టి ఇచ్చే వేళ అయింది. ముఖం చూశాను. కుడి చెయ్యి లేని భుజం వైపు మాత్రం చూడలేకపోయాను.

అప్పటి నుంచి మన గద్వాల గ్రూపులో అందరూ రాస్తున్నారు. మంచివాడు, గొప్ప మెకానిక్ అని. ఒకాయన రాశాడు: "పాపం, సొంత బండి ఫెయిలై చెయ్యి పోగొట్టుకున్నాడు." దాని కింద వరసగా దండాలు.

నా ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. ఆ మాటను ఇన్నేళ్లు ఊళ్లో తిరగనిచ్చింది నేనే.

అందుకే ఈ పోస్ట్. చివరిదాకా చదవండి.

తొంభైల్లో గద్వాల బస్టాండు వెనక ఖాజా భాయ్‌కి ఒక రేకుల షాపు. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. పక్కనే వెల్డింగ్.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. చీరలు నేసే ఇంట్లో పుట్టి, మగ్గం ఎక్కనని పంతం పట్టినవాణ్ని. సంచి నిండా కరపత్రాలు. లోకంలో ఏ అన్యాయానికైనా నా దగ్గర ఒక పేరా రెడీ.

గట్టు అనే ఊరి వైపు ఒక రాళ్ల క్వారీ ఉండేది. బండకు రంధ్రం చేసి, మందుగుండు దట్టించి పేల్చేవాళ్లు. ఒక్కోసారి మందు పేలదు. అప్పుడు ఎవరో ఒక కూలీ పైకెక్కి రంధ్రంలో నీళ్లు పోయాలి. మందు తడిస్తే భయం లేదు. తడిసేలోపు పేలితే మనిషి ఉండడు. అలా ఎక్కిన ఖాజా భాయ్ బావ యాకూబ్‌కి ప్రాణం దక్కింది గానీ రెండు కళ్లూ పోయాయి.

నేను కరపత్రం రాశాను. ఖాజా భాయ్ బండి చేశాడు.

మనిషి అక్కర లేకుండా రాళ్లెక్కే రిమోట్ బండి. నడుమ నీళ్ల డబ్బా. పైకి పోయి ఒంపి రావాలి. రిమోట్ ఒక బొమ్మకారుది. యాంటెన్నా పొడిగించి దాని దూరం పెంచాడు. మోటార్లు తుక్కు లారీల వైపర్లవి. నెమ్మదిగా తిరుగుతాయి, కానీ మొండివి.

అన్నీ కుదిరాయి, చాసిస్ తప్ప.

ఫ్రేమ్ ఎంత గట్టిగా చేస్తే బండి అంత తొందరగా బోల్తా పడేది. ఒక చక్రం రాయి ఎక్కగానే ఇంకోటి గాల్లోకి లేచేది. డబ్బాలో నీళ్లు ఒక పక్కకు కొట్టేవి. మూడు ఫ్రేములు చేశాడు. మూడూ కోసేశాడు.

ఒకరోజు మా ఇంటికి రేడియో ఇవ్వడానికి వచ్చి, మగ్గం గుంత పక్కన కూర్చుండిపోయాడు. మగ్గం తొక్కుతున్న మా నాయన కాళ్లనే చూస్తున్నాడు. ఒక తొక్కుడు చెక్క కిందికి పోతే రెండోది పైకి వస్తుంది.

"కాకా, రెండిట్ని కలిపి గట్టిగ కట్టేస్తే ఏమైతది?"

"ఏమైతది, పోగులు తెగుతయి. నా మోకాలు పోతది. ఊగాలె బిడ్డా అది."

చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు.

వారంలో కొత్త చాసిస్. ఎడమ చక్రాలు రెండూ ఒక ఇనుప పట్టీకి, కుడివి ఇంకో పట్టీకి. ఆ రెండింటినీ కలుపుతూ పైన ఒక అడ్డ పట్టీ, నడుమ ఫ్రేముకు ఒక్క బోల్టు మీద ఊగేలా. ఎడమది ముక్కు ఎత్తితే కుడిది దించుతుంది. నాలుగు చక్రాలూ రాతిని వదలవు. షాపు వెనక గుండ్ల మీద అది తొండలా పాకింది.

"తమ్మీ, దీన్ని ఊగనియ్యాలె. గంతే," అన్నాడు బోల్టుకు నూనె పెడుతూ.

క్వారీకి తీసుకుపోయాం. మేస్త్రీ కాలితో బండిని కదిపి పకపకా నవ్వాడు.

"ఏందిర బై ఇది, కల్లు తాగినోని లెక్క ఊగుతుంది! దీనికే ఎవడన్న చెయ్యి పట్టాలె!"

కూలీలూ నవ్వారు. వాళ్ల కోసం వచ్చిన నన్ను చూసి వాళ్లే నవ్వారు.

"ఇది ఎక్కకుంటె నేనే ఎక్కుత!" అని అరిచాను.

ఆరోజు మూడు రంధ్రాల్లో రెండే పేలాయి. ఖాజా భాయ్ డబ్బాలోకి నీళ్లు తేవడానికి డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు.

ఆ కాస్త సేపట్లో నేను అతని సంచిలోంచి తీగ తీసి, అడ్డ పట్టీని ఫ్రేముకు బిగించి కట్టేశాను. ఊగకూడదని. మళ్లీ ఎవడూ నవ్వకూడదని.

బండి దర్జాగా నిలబడింది. ఖాజా భాయ్ కింద తీగ చూడకుండానే డబ్బా నింపి రిమోట్ నొక్కాడు.

సగం దూరంలో ఒక చక్రం రాయెక్కింది, ఇంకోటి గాల్లోకి లేచింది. బండి పక్కకు ఒరిగి బండరాయికి ఆనుకుంది. నీళ్లన్నీ పోయాయి.

"అయిందా తమాషా? ఏయ్ యాదయ్యా, బకెట్ పట్కొని ఎక్కు," అన్నాడు మేస్త్రీ.

ఎక్కుతానన్నవాణ్ని నేను. నా కాలు కదల్లేదు.

ఖాజా భాయ్ యాదయ్య చేతిలోంచి బకెట్ తీసుకున్నాడు. బండి దగ్గర ఒక్క క్షణం వంగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పైకి పోయాడు.

నీళ్లు పోసేలోపే పేలింది.

దవాఖానలో అందరితోనూ "బ్యాటరీ తక్కువైంది" అన్నాడు. నేనొక్కణ్నే ఉన్నప్పుడు మెల్లగా అన్నాడు.

"తీగ చూసిన తమ్మీ. ఎవ్వరికి చెప్పకు. కూలోళ్లు ఇప్పుడిప్పుడే నీ మాట ఇంటున్నరు."

చెప్పలేదు. ఆ తర్వాత కూలీలు పని ఆపి కొట్లాడారు. మందు పేలకపోతే ఆ పూట ఎవరూ ఎక్కకూడదని క్వారీ యజమానిని ఒప్పించారు. ముందు నిలబడి మాట్లాడింది నేను. దండలు నా మెడలో పడ్డాయి. ఖాజా భాయ్ ఎడమ చేత్తో రేడియోలు బాగుచేసుకుంటూ బతికాడు. మళ్లీ బండి చెయ్యలేదు. మళ్లీ ఆ తీగ మాట ఎత్తలేదు.

ఎత్తి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే బాగుండేది.

షబానా, మీ అబ్బా చేసిన బండి ఫెయిల్ కాలేదు బేటా. నేను కట్టేశాను.

గ్రూపులో ఆ మాట రాసినవాళ్లు దయచేసి తీసేయండి. అనాల్సింది ఉంటే ఈ పోస్ట్ కింద నన్ను అనండి.

ఖాజా భాయ్, చెప్పకన్న నీ మాట దాటాను. మాఫ్ చెయ్యి.

ఇక నిమ్మళంగా పండుకో.