స్కానింగక్క

మడ అడవి మొక్కల నర్సరీలో అందరూ ఆవిడను స్కానింగక్క అంటారు. తడి గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఉప్పుమట్టికి నల్లబడిన బొటనవేలితో మడ విత్తనం వెన్ను నిమురుతుంది. పురుగు తొలిచిన చోట ఆ వేలు దానంతటదే ఆగుతుంది. కళ్లతో చూడనైనా చూడదు. మంచిది బుట్టలోకి, పుచ్చుది వెనక్కి. "ఆస్పత్రి మెషీన్లు కూడా మా వదిన వేలి ముందు బలాదూరే" అంటుంది పక్కనే మట్టి సంచులు నింపే ఆడపడుచు. ఆమెకు నోరు మూతపడదు.

ఈ పొద్దున స్నానం చేస్తుంటే, చంక కింద, రొమ్ము అంచున ఆ వేలు ఆగింది. లోపల గింజంత గట్టిగా ఏదో ఉంది. నొప్పి లేదు. మళ్లీ నిమిరింది, మళ్లీ అక్కడే ఆగింది. నీళ్లు పోసుకుంది, టీ పెట్టింది, ఎవరికీ చెప్పకుండా పనికొచ్చింది. ఏడుపొస్తుందేమోనని దారంతా చూసింది. రాలేదు.

మధ్యాహ్నం ఆడపడుచు బుట్టలోంచి ఒక విత్తనం పైకి తీసింది.

"ఏంటి వదినా, ఇంత బొక్క ఉంటే మంచివాటిలో వేశావ్?"

"మొలుస్తుందిలే."

"మొలవడానికేం, మొలుస్తుంది. లోపలి తిండంతా పురుగు తినేశాక ఎదిగేదెలా? జానెడు లేచి ఆగిపోతుంది. నువ్వేగా నాకు నేర్పింది!"

స్కానింగక్క ఆ విత్తనాన్ని అందుకుంది. వెనక్కి వెయ్యలేదు. నింపిన సంచి ఒకటి దగ్గరికి లాక్కుని, మట్టిలో గుచ్చి, అదే బొటనవేలితో చుట్టూ అదిమింది.

"జానెడైతే జానెడే," అంది.