నీళ్లు తాగని పిడి

పటమట నుంచి ఆటోనగర్ వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో కాశిం కొట్టు ఉంది. కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. ఇంటి వరండాకి రేకు దింపి, ఇనుము బిగించి పట్టే ఒక వైసూ, ఒక సానరాయీ పెట్టుకున్న చోటు. బోర్డు కూడా లేదు. చాకు విలువ తెలిసినవాడు వెతుక్కుంటూ వస్తాడు, తెలియనివాడు రాకపోయినా నష్టం లేదు అనేవాడు కాశిం. ఈ మాట విన్నప్పుడల్లా అతని భార్య సుగ్రా, "అందుకేగా మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకుంటున్నాం" అని లోపల్నుంచే అందించేది.

కాశిం చేసేవి మడత చాకులు. పాత లారీ కమాన్ పట్టీ ఉక్కుతో బ్లేడు, దానికి రెండు పక్కలా గేదె కొమ్ముతో పిడి చెక్కలు, ఇత్తడి రివిట్లు. జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు, తీస్తే టక్కుమని తెరుచుకుంటుంది. కొమ్ము తప్ప మరొకటి పిడికి పనికిరాదని అతని తండ్రి అబ్దుల్లా చెప్పి పోయాడు. ప్రాణంతో పెరిగినదే చేతిలో ఒదుగుతుందనీ, ఫ్యాక్టరీలో కరిగించి పోసింది ఎప్పటికీ పరాయిదేననీ ఆ పెద్దాయన సిద్ధాంతం. కొడుకు దాన్ని రాతి మీద చెక్కినట్టు మనసులో పెట్టుకున్నాడు. ఎవరైనా ప్లాస్టిక్ పిడి చాకు సాన పట్టమని తెస్తే, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "దీంతో పళ్లు తోముకోవయ్యా, బాగుంటుంది" అని తిరిగిచ్చేసేవాడు. అరవై దాటినా ఆ పట్టు సడలలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

పోయినేడు వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆ కొట్టుకి శౌరయ్య, ఆదెమ్మ వచ్చారు. శౌరయ్య కైకలూరు అవతల చేపల చెరువుల మీద పనిచేస్తాడు. చెరువులో వరసగా కర్రలు పాతి, నైలాను తాళ్లు లాగి, వాటికి మేత సంచులు వేలాడదీస్తారు. చిన్న పడవ మీద తిరుగుతూ ఆ సంచులు నింపడం, చిక్కుపడ్డ తాళ్లు కోసి మళ్లీ కట్టడం అతని పని. తండ్రి కాలం నుంచీ వాళ్లింట్లో కాశిం వాళ్ల చాకే. ఆలుమగలిద్దరూ ఏటా గుణదల కొండకి వచ్చి మేరీమాతకి దణ్ణం పెట్టుకుని, వెళుతూ వెళుతూ ఇక్కడ ఆగడం ఆనవాయితీ.

శౌరయ్య చాకు తీసి బల్ల మీద పెట్టాడు. "పిడి కొంచెం పైకి లేచిందండీ సాయిబు గారూ. చూస్తారని తెచ్చా."

కాశిం తెరవబోయాడు. రాలేదు. బొటనవేలి గోరు బ్లేడు గాడిలో పెట్టి గట్టిగా లాగాడు. అయినా రాలేదు. కొమ్ము నీళ్లు తాగి ఉబ్బి, బ్లేడుని రెండు పక్కల నుంచీ నొక్కిపట్టేసింది.

"కొమ్ముని పొడిగా ఉంచుకోవాలని మీ నాన్నకి మా నాన్న చెప్పలేదా?" అని గదమాయించాడు.

శౌరయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆదెమ్మ ఊరుకోలేదు.

"చెరువులో పనిచేసేవోడు చాకుని పొడిగా ఎక్కడ పెట్టుకుంటాడన్నయ్యా? నెత్తి మీదా?" అంది. "మొన్న పడవ తిరగబడి నీళ్లలో పడ్డాడు. కాలికి తాడు చుట్టుకుంది. కోసుకుందామని చాకు తీస్తే తెరుచుకోలేదు. గోరు ఊడొచ్చింది గానీ బ్లేడు రాలేదు. అవతల గట్టు మీదోళ్లు చూసి దూకబట్టి బతికాడు. లేకపోతే ఇయ్యాల కొండకి నేనొక్కదాన్నే వచ్చేదాన్ని."

"ఇప్పుడా సంగతెందుకే" అని సర్దబోయాడు శౌరయ్య. "చాకు తప్పేం లేదండీ. ఉక్కు మటుకు బంగారం." అని జేబులోంచి ఎర్ర ప్లాస్టిక్ చాకొకటి మొహమాటంగా తీశాడు. "సంతలో కొన్నా. ఇది నీళ్లలో ఎన్నాళ్లున్నా తెరుచుకుంటది గానీ తాడు మీద పెడితే జారిపోతది, తెగదు. మీ బ్లేడుకి ఈ పిడి వేసిస్తారేమోనని..."

మరో రోజైతే ఆ ఎర్ర చాకు వీధిలో పడేది. కాశిం దాన్ని చూడలేదు. శౌరయ్య బొటనవేలు చూస్తున్నాడు. గోరు సగం పోయి, మిగతా సగం నల్లగా ఉంది. ఆ వేలు చీకటి నీళ్లలో తన చాకు మీద ఎంతసేపు పెనుగులాడి ఉంటుందో.

"చాకు ఇక్కడ వదిలివెళ్లు" అన్నాడు చివరికి. "బాగుచేసి నేనే తెచ్చిస్తా."

అంత మాట అన్నాడే గానీ ఏం చేయాలో తెలియదు. ముందు శౌరయ్య దాంతోపాటే వదిలివెళ్లిన ఎర్ర చాకు పిడినే విప్పాడు. లోపలంతా డొల్ల, రివిట్ కొట్టగానే రెండు ముక్కలైంది. సుగ్రా పారేసిన ప్లాస్టిక్ మగ్గు ముక్క కోస్తే ఆకురాయి పళ్లలో మైనంలా ఇరుక్కుంది. బెంజ్ సర్కిల్ దగ్గర నేమ్‌బోర్డులు చేసే షాపులో అడిగి యాక్రిలిక్ ముక్క తెచ్చాడు. అది మాత్రం మెరుపు చూస్తే ముద్దొచ్చేలా ఉంది. రంధ్రం వేసి రివిట్ బిగిస్తే చుట్టూ జుట్టులాంటి పగుళ్లు. ఇన్నాళ్లూ ప్లాస్టిక్కంటే ఒకటే జాతి అనుకున్నాడు కాశిం. ఒకటి డొల్ల, ఒకటి మెత్తన, ఒకటి పెళుసు. మనుషుల్లాగే వీటిలోనూ ఇన్ని రకాలున్నాయా అని మొదటిసారి అనుకున్నాడు.

ఆటోనగర్లో పాత సామాన్లు కొనే కిరీటి దగ్గర అతనికి అసలు వస్తువు దొరికింది. విప్పేసిన కరెంటు ప్యానెల్ బోర్డుల గుట్ట కింద ముదురు గోధుమ రంగు పలక ఒకటి పడి ఉంది. అది హైలం షీటని చెప్పాడు కిరీటి. "కరెంటు పారనివ్వదు, నీళ్లు పట్టదు, సెగ తగిలితే కరగదు. ఎవరికీ అక్కర్లేక పడుంది, పట్టుకుపో."

"ఇన్ని సుగుణాలున్న పెళ్లికొడుకు ఇంకా ఇక్కడెందుకున్నాడ్రా?" అని చంకలో పెట్టుకుని వచ్చాడు కాశిం.

కాల్చిన సూది ఆనించి చూడటం అతని అలవాటు. కొమ్మైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మామూలు ప్లాస్టిక్కైతే కరిగి దారం సాగుతుంది. ఇది రెండూ చేయలేదు. సూది చల్లారేదాకా అలాగే భరించింది. కాశిం భుజం మీది తువ్వాలు ముక్కుకి కట్టుకుని, దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరిస్తూ, పిడి చెక్క ఆకారానికి కోసి, అంచులు గుండ్రంగా ఆకురాయి పట్టసాగాడు. నాలుగు రాపిడులయ్యాక చెయ్యి ఆగిపోయింది.

తడిసిన చోట పడుగూ పేకా కనపడుతున్నాయి.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అబద్ధం కాదు. సన్నటి దారాలు, అడ్డంగా, నిలువుగా. "సుగ్రా, ఒకసారి ఇట్రా" అని కేకేశాడు. జాకెట్లు కుట్టే చెయ్యి ఆమెది. వెలుగులోకి తీసుకెళ్లి, తిప్పి తిప్పి చూసి, "గుడ్డేనండీ ఇది" అంది. "ముతక పంచె నేత. ఒక దాని మీద ఒకటి ఎన్ని పొరలో."

ఆ రోజు కాశిం అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఏదో జిగురులో గుడ్డని ముంచి, పొర మీద పొర వేసి, వేడి పెట్టి అదిమి ఉంటారని ఊహించుకున్నాడు. పిడి పొట్ట దగ్గర ఆకురాయి లోపలికి దిగే కొద్దీ ఒక్కో పొరా విచ్చుకుని, వంపు వెంట గీతలు గీతలుగా పరుచుకుంటోంది. బ్యారేజీ కింద నీరు తీసిన కృష్ణ ఇసుక మీద వదిలే గీతలు అలాగే ఉంటాయి. కొమ్ములో ఇంత అందం అతను ఎన్నో చాకుల్లో చూశాడు. కానీ అది గేదె తలమీద దానంతటది పెరిగిన అందం. దీన్ని ఎవరో మనిషి కూర్చుని ఆలోచించాడు. నీళ్లు తాగని వస్తువు కావాలని ముందే అనుకుని, లేనిదాన్ని ఉండేట్టు చేశాడు. అది తలుచుకుని కాశిం ఆకురాయి పక్కన పెట్టేశాడు. దేవుడు మనిషికి చేతులిచ్చింది సరే, ఇంత బుర్ర కూడా ఇచ్చాడు, ఆ బుర్ర చేసినదాన్ని తనే ఇన్నేళ్లూ పళ్లు తోముకోవడానికని వెక్కిరించాడు.

ఆ గుడ్డలోని దూది కూడా చెట్టున పెరిగిందేగా, నాన్న మాట పోలేదులే అని ఒక క్షణం సంతోషించబోయాడు. మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. దూదికి నీళ్లు తాగడం ఒక్కటే వచ్చు. ఇక్కడ కాపలా కాస్తున్నది దూది కాదు, నాన్న చిన్నచూపు చూసిన ఆ ఫ్యాక్టరీ జిగురే. ఆ గొప్పతనం దానికి ఇవ్వకపోతే అన్యాయం.

శౌరయ్య బ్లేడుకి ఆ పిడి వేసి, పక్కన కొమ్ము పిడి చాకొకటి పెట్టి, రెంటినీ రెండు రోజులు బకెట్లో ముంచి ఉంచాడు. కొమ్ము చాకుని తెరవడానికి పటకారు కావాల్సి వచ్చింది. రెండోది గోరు తగలగానే టక్కుమంది. మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. "పసిపిల్లాడికి గిలక్కాయ దొరికినట్టుంది" అంది సుగ్రా. ఆమె బాధ ఆమెది. నిన్ననే చుట్టాలింటికి తీసుకెళితే ఈ పెద్దమనిషి పలకరింపులు మానేసి వాళ్ల పాత నల్ల ప్లాస్టిక్ స్విచ్చులు నిమురుతూ నిలబడ్డాడు. బస్సులో డ్రైవరు గేరు రాడ్డు మీది గుండుని కూడా వదల్లేదు.

తయారైన చాకు జేబులో వేసుకుని, గుడివాడ మీదుగా బస్సులో వెళ్లి, కైకలూరులో దిగి ఆటో ఎక్కి, చెరువు గట్టు మీదికి చేరేసరికి ఎండ ఎక్కింది. అక్కడ చూసిన దృశ్యానికి కాశిం నడక నెమ్మదించింది. నీటి మధ్య పడవలో శౌరయ్య. అతని నడుముకి పొడవాటి తాడు. తాడు రెండో కొస గట్టు మీద కూర్చున్న ఆదెమ్మ చేతికి చుట్టి ఉంది.

"నేను నీళ్లలో పడ్డ రోజు నుంచీ ఇంతేనండీ" అన్నాడు శౌరయ్య పడవ ఒడ్డుకి తెచ్చి, సిగ్గుపడుతూ. "కూలికి పోవడం మానేసి కూర్చుంది. చెబితే వినదు."

కాశిం చాకు ఇచ్చాడు. శౌరయ్య మురిసిపోతూ తిప్పి చూస్తుంటే ఆదెమ్మ అడిగింది. "నీళ్లల్లో తెరుచుకుంటదని ఎట్టా తెలుసన్నయ్యా?"

"బకెట్లో నానబెట్టి చూశానమ్మా."

"బకెట్టు చెరువు కాదుగా."

కాశిం నీళ్ల వైపు చూశాడు. తర్వాత చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, ఒక నైలాను తాడు ముక్క అడిగి తీసుకుని, కాలికి కట్టుకుని, రెండో కొస నీళ్లలో ఉన్న కర్రకి కట్టమన్నాడు. ఈత అంతంతమాత్రమే. శౌరయ్య వద్దని బతిమాలి, వినకపోయేసరికి పక్కనే దిగి నిలబడ్డాడు. కాశిం చాకు మడిచి పట్టుకుని మునిగాడు.

లోపల ఏమీ కనపడలేదు. బురద, చీకటి, చెవుల్లో హోరు. కాలు లాగితే తాడు లాగింది. భయమేసింది. ఆ భయంలో అతనికి చేతిలోని పిడి తెలిసింది. నునుపు చేసిన కొమ్ము తడిస్తే వేళ్లలోంచి జారుతుంది. ఇది అలా జారలేదు. తడిసిన నేత గరుకుగా అరచేతికి ఆనుకుని, నేనున్నానన్నట్టు నిలిచింది. ఇది బకెట్లో తెలియని సంగతి. గోరు గాడికి తగిలించగానే బ్లేడు వచ్చింది. తాడు ఒక్క కోతకి తెగింది.

పైకి లేచి దగ్గుతూ, గడ్డం నుంచి నీళ్లు కారుతూ, కాశిం చాకుని ఎత్తి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు చెరువువో అతనివో అతనికే తెలియదు. "జారలేదు చెల్లెమ్మా" అన్నాడు. "తడిసేకొద్దీ పట్టుకుంది."

ఆదెమ్మ చాకు తీసుకుని నీళ్లలో ముంచి తెరిచింది, మూసింది, ఇంకోసారి తెరిచింది. మడిచి భర్త జేబులో పెట్టింది. అతని నడుం తాడు ముడి విప్పడానికి ఆమెకి కాస్త టైం పట్టింది, నానిన ముడి బాగా బిగుసుకుపోయింది.

"డబ్బాలో అన్నముంది, అన్నయ్యకి పెట్టు" అని తాడు చుట్టి భుజాన వేసుకుంది. "నేను పనికి పోతన్నా. ఇప్పటికైనా పోతే సగం కూలన్నా ఇస్తారు."

శౌరయ్య అన్నం డబ్బా తెచ్చి కాశిం దగ్గర పెట్టి, పడవెక్కి మేత సంచుల వైపు తెడ్డు వేసుకుంటూ పోయాడు. ఆదెమ్మ గట్టు మలుపు తిరిగేదాకా కాశిం తడిబట్టలతో అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆమె చెరువు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.